‘లైన్ క్లియర్’ ఎవరిస్తారు? – అనంతపురం పీఠభూమి రైలుమార్గాలపై అనుమతి చరిత్ర

వ్యాససంగ్రహం:

రాయలసీమ రైలుమార్గాల చరిత్రను కరువు, ధాన్యరవాణా, వలసపాలన అవసరాలు అనే మూడు కోణాల నుంచి పరిశోధకులు పరిశీలించారు. పట్టాలు పరిచాక వాటిమీద ఒక రైలును పంపే అధికారం ఎవరిది, ఆ అధికారాన్ని ఏ కాగితం, ఏ వస్తువు, ఏ మాట మోసింది అన్న ప్రశ్నకు తగిన చోటు దక్కలేదు. గుంతకల్లు, ధర్మవరం, పెనుకొండ ప్రాంతపు సింగిల్ లైన్లను ఆధారంగా చేసుకొని ఆ ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. అమెరికా రైలుమార్గాల ఆజ్ఞాపద్ధతితోను, దానిని అనుకరించే నమూనా రైల్వేలతోను పోల్చి చూసినప్పుడు, మనదేశంలో ఈ అనుమతి పైనుంచి దిగివచ్చే ఆజ్ఞగా కాక, ఇద్దరు సమానుల మధ్య కుదిరే అంగీకారంగా రూపొందిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లైన్ క్లియర్, సింగిల్ లైన్, టోకెన్, స్టేషన్ మాస్టర్, గుంతకల్లు, ధర్మవరం, నమూనా రైల్వే.

ఉపోద్ఘాతం

తెలుగు దినపత్రికల శీర్షికల్లో ‘లైన్ క్లియర్’ అన్న మాటకు కొదవ లేదు. సినిమా విడుదలకు లైన్ క్లియర్, ఉపాధ్యాయుల బదిలీలకు లైన్ క్లియర్, ఫలానా నాయకుడి అభ్యర్థిత్వానికి లైన్ క్లియర్. ఈ వాడుకలన్నింటిలోను ఒకే అర్థం ధ్వనిస్తుంది: పైన ఉన్నవారెవరో అడ్డు తొలగించారు, కింద ఉన్నవారు ఇక ముందుకు సాగవచ్చు. న్యాయస్థానమో, ప్రభుత్వమో, అధిష్ఠానమో ఇచ్చే వరమది.

ఈ మాట రైల్వే నుంచి వచ్చింది. కాని రైల్వేలో దాని అర్థం ఇది కాదు. రెండు స్టేషన్ల మధ్య ఒకే జత పట్టాలున్నప్పుడు, ఈ వైపు స్టేషన్ మాస్టర్ తన దగ్గరున్న రైలును పంపడానికి ఆ వైపు స్టేషన్ మాస్టర్‌ను అడుగుతాడు. ఆయన తన స్టేషన్‌లోను, మధ్యనున్న దారిలోను అడ్డు లేదని నిర్ధారించుకొని సమ్మతి తెలుపుతాడు. ఆ సమ్మతి పేరే లైన్ క్లియర్. పంపేవాడు దాన్ని తనకు తాను ఇచ్చుకోలేడు; పై అధికారీ ఇవ్వలేడు. ఇవ్వగలిగినవాడు రైలును స్వీకరించేవాడొక్కడే. పత్రికల భాషలో ఈ అడిగేవాడు, ఇచ్చేవాడు అనే జంట మాయమై, ఇచ్చే దొర ఒక్కడే మిగిలాడు. మాట అర్థం ఇలా జారిపోవడంలో ఒక చరిత్ర కూడా జారిపోయింది.

అనంతపురం పీఠభూమిని ఇందుకు క్షేత్రంగా ఎంచుకోవడానికి కారణముంది. వర్షచ్ఛాయా ప్రాంతమైన ఈ నేలకు రైలు వచ్చిన తీరులో కరువు పాత్ర పెద్దది. రెండు దశాబ్దాల వ్యవధిలో మూడు కంపెనీల పట్టాలు ఇక్కడికి చేరాయి. వాటిలో అత్యధికభాగం చాలాకాలం సింగిల్ లైన్లుగానే ఉన్నాయి.

కరువునేలపై ఒంటిజత పట్టాలు

మద్రాసు రైల్వే వాయవ్యమార్గం కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. మద్రాసు, బొంబాయిల మధ్య రైలు సంబంధం ఏర్పడింది అప్పుడే. నాటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు. 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడిపోయింది. ఈలోగా 1876–78 నాటి మహాక్షామం వచ్చింది. ఈ ప్రాంతం దాని దెబ్బ తీవ్రంగా తిన్న వాటిలో ఒకటి.

ఆ క్షామకాలంలో మద్రాసు రేవులో ధాన్యం గుట్టలుగా పడి ఉండడం, లోపలి జిల్లాల్లో జనం తిండిలేక మరణించడం ఏకకాలంలో జరిగాయి. విలియం డిగ్బీ 1878లో వెలువరించిన గ్రంథంతో మొదలుకొని ఈ వైరుధ్యంపై చాలా చర్చ జరిగింది. ధరలు, వర్తకుల లాభాపేక్ష, ప్రభుత్వపు స్వేచ్ఛావాణిజ్య విశ్వాసం, సర్ రిచర్డ్ టెంపుల్ కూలిరేట్ల కోత – ఇవన్నీ తగిన కారణాలే. వీటి పక్కన ఒక సాంకేతిక కారణాన్ని కూడా నిలపాలని నా అభిప్రాయం. సింగిల్ లైన్ మీద రోజుకు ఎన్ని రైళ్ళు నడపవచ్చన్నది ఇంజన్ల సంఖ్య, వ్యాగన్ల సంఖ్య మాత్రమే నిర్ణయించేది కాదు. రెండు స్టేషన్ల మధ్య అనుమతి ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకోగలరన్నది నిర్ణయిస్తుంది.

ఒక ఊహాత్మకమైన లెక్క చూద్దాం. రెండు స్టేషన్ల మధ్య దూరం 8 మైళ్ళు, రైలు వేగం గంటకు 16 మైళ్ళు అనుకుంటే, ఆ దూరం దాటడానికి 30 నిమిషాలు. రైలు చేరిందని రూఢి చేసుకోవడం, తరువాతి రైలుకు అడగడం, సమ్మతి పొందడం, కాగితం రాసి డ్రైవరుకు అందించడం – వీటికి ఇంకో 10 నిమిషాలు. అంటే ఒక్కో రైలు ఆ పట్టాలను 40 నిమిషాలపాటు ఆక్రమిస్తుంది. ఇరవైనాలుగు గంటల్లో రెండు దిక్కులకూ కలిపి 36 రైళ్ళకు మించి పోవు. ఒక దిక్కుకు 18. ఆవిరి ఇంజనుకు నీళ్ళు పట్టడం, షంటింగు, మరమ్మతులు కలుపుకుంటే ఈ సంఖ్య ఇంకా పడిపోతుంది. మార్గం మొత్తంమీద అతి పొడవైన ఒక్క సెక్షన్ చాలు, మిగిలిన దారినంతా తన స్థాయికి దించడానికి. ధాన్యం నింపి పంపిన ప్రతి రైలుకూ ఖాళీ వ్యాగన్లతో తిరిగివచ్చే రైలు ఒకటి ఉంటుంది. అదీ ఇదే పట్టాలపై రావాలి. కరువునాడు వ్యాగన్లు పెంచినా పెరగని పరిమితి ఇది. రైళ్ళ పొడవు పెంచవచ్చు గదా అనవచ్చు. ఎదురురైలుకు దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకొనే లూప్‌లైను పొడవు ఎంతో రైలు పొడవూ అంతే.

1880 నాటి క్షామ కమిషన్ దేశాన్ని కరువునుంచి కాపాడడానికి మొత్తం 20,000 మైళ్ళ రైలుమార్గం అవసరమని, అందులో 5,000 మైళ్ళు తక్షణం నిర్మించాలని సూచించింది. మైళ్ళ లెక్కలో చెప్పిన ఈ సిఫారసు చరిత్ర గ్రంథాల్లోనూ మైళ్ళ లెక్కగానే నిలిచిపోయింది. దాని ఫలితంగానే 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే మీటరుగేజి పట్టాలు హుబ్లీ, బళ్ళారి వైపునుంచి గుంతకల్లుకు చేరాయి. గుంతకల్లునుంచి అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దుకు మరో మీటరుగేజి మార్గం 1892–93లో తెరుచుకొంది. దాదాపు అదే కాలంలో సౌత్ ఇండియన్ రైల్వే పాకాల నుంచి మదనపల్లె, కదిరిల మీదుగా ధర్మవరం చేరుకొంది. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఎం.ఎస్.ఎం. రైల్వే అయ్యేవరకు గుంతకల్లు రెండు కంపెనీల, రెండు గేజిల కూడలి. ఒక గేజి బండిలోని ధాన్యపు బస్తా ఇక్కడ దిగి, ఇంకో గేజి బండి ఎక్కవలసిందే. గెజెటీర్లు ఏ మార్గం ఎప్పుడు తెరిచారో చెబుతాయి. ఆ మార్గంపై అర్ధరాత్రి ఒక గూడ్సును ఎవరు, ఏ భరోసాతో చీకట్లోకి పంపారో తెలుసుకోవాలంటే నియమపుస్తకాలను, పరికరాలను చదవాలి.

కాగితం, సంఖ్య, గుండు

తొలినాటి పద్ధతి తంతి, కాగితం. ఈ వైపు మాస్టర్ తంతి ద్వారా అడుగుతాడు. ఆ వైపు మాస్టర్ సమ్మతిస్తాడు. ఆ సమ్మతిని టికెట్‌పై రాసి, సంతకం చేసి డ్రైవరుకు ఇస్తారు. ఆ కాగితం చేతిలో లేకుండా ఇంజను కదలరాదు. ‘పేపర్ లైన్ క్లియర్’ అన్న ఈ పద్ధతి పరికరాలు వచ్చాక కూడా పోలేదు. అవి చెడిపోయినప్పుడు శరణ్యంగా మిగిలింది. భారతీయ రైల్వేల్లో ఎగువ, దిగువ దిశలకు వేరువేరుగా టి/సి 1425, టి/డి 1425 అనే ఫారాలు అందుకే ఉన్నాయి.

కాగితానికి ఒక బలహీనత ఉంది. రాసేవాడు పొరబడితే అదీ పొరబడుతుంది. 1874 సెప్టెంబరు 10న ఇంగ్లాండులోని నార్విచ్ సమీపాన థోర్ప్ వద్ద సింగిల్ లైన్‌పై రెండు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొని 25 మంది మరణించారు. తంతి సందేశాల విషయంలో సిబ్బంది మధ్య జరిగిన పొరపాటే దానికి మూలం. ఆ దుర్ఘటన తరువాతే ఎడ్వర్డ్ టయర్ 1878లో టాబ్లెట్ యంత్రానికి పేటెంటు పొందాడు. రెండు స్టేషన్లలోని రెండు యంత్రాలను విద్యుత్తుతో ముడివేసి, ఒకేసారి ఒక బిళ్ళ మాత్రమే బయటికి వచ్చేలా చేయడం దాని కిటుకు. అదే సూత్రంపై పనిచేసే నీల్స్ బాల్ టోకెన్ యంత్రం మనదేశంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

ఈ యంత్రం పనితీరును కొంత వివరంగా చూడాలి. పెట్టెలో ఇనుపగుండ్లు వరుసగా ఉంటాయి. ఒక్కోదానిపై సంబంధిత రెండు స్టేషన్ల గుర్తు చెక్కి ఉంటుంది. పంపే మాస్టర్ ఒక గంట కొడతాడు: గమనించమని. అవతలివాడు బదులిస్తాడు. రెండు గంటలు: లైన్ క్లియర్ ఉందా? అవతలివాడు ఒప్పుకొంటే తన యంత్రం పిడిని ‘రైలు వస్తోంది’ అన్న స్థితికి తిప్పుతాడు. అప్పుడు మాత్రమే ఇవతలి పిడి ‘రైలు పోతోంది’ అన్న స్థితికి తిరుగుతుంది. ఒక గుండు జారి చేతిలో పడుతుంది. ఆ గుండును తోలుసంచిలో పెట్టి, బెత్తపు వలయానికి తగిలించి డ్రైవరుకు అందిస్తారు. ఆగని బండి అయితే పరుగుమీదే. రాత్రి అయితే కాగడా వెలుగులో. రైలు బయలుదేరాక మూడు గంటలు, అవతల చేరాక నాలుగు. ఆరు గంటలు మోగితే ప్రమాదం, పట్టాలపై అడ్డు ఉందని అర్థం. ఆ గుండును అవతలి యంత్రంలో వేసేదాకా రెండు పెట్టెల్లో ఏదీ ఇంకో గుండు ఇవ్వదు.

ఇందులో గమనించవలసింది యంత్రపు తెలివి కాదు. అది ఇద్దరి చేతులను అడగడం. ఒక్క మనిషి, ఎంత పెద్ద హోదావాడైనా, ఒక్క చేత్తో గుండు తీయలేడు. ఒక దిశలో రైళ్ళు ఎక్కువై గుండ్లన్నీ ఒక స్టేషన్‌లో పోగుపడితే, వాటిని మళ్ళీ అవతలికి చేర్చి సమం చేయడానికి కూడా మాస్టర్‌కు స్వతంత్రం లేదు. సిగ్నల్ విభాగం మనిషి రావలసిందే.

‘రైలు చేరింది’ అని చెప్పే ముందు స్వీకరించే స్టేషన్ చివరి పెట్టెను కంటితో చూడాలి. మనం ప్లాట్‌ఫారంపై నిలబడి చూసే ‘ఎల్.వి.’ పలక, రాత్రిపూట ఎర్రదీపం అందుకే. దారిలో బండి తెగి కొన్ని వ్యాగన్లు వెనుక మిగిలిపోతే ఇంజను చేరినా రైలు చేరనట్టే. స్వీకరించేవాడి సమ్మతి ఎంత బరువైనదో ఆ పలక చెబుతుంది.

ఫోనుపై అనుమతి ఇవ్వవలసి వచ్చినప్పుడు గుండు చేసే పనిని ప్రైవేట్ నంబరు చేస్తుంది. ప్రతి స్టేషన్ మాస్టర్ దగ్గర క్రమం లేకుండా అచ్చువేసిన రెండంకెల సంఖ్యల పట్టిక ఉంటుంది. సమ్మతించేటప్పుడు అందులోని సంఖ్యను చెప్పి, రైలు నంబరు, సమయం పక్కన రాసి, దాన్ని కొట్టివేస్తాడు. అవతలివాడు ఆ సంఖ్యను అంకెల్లోను, అక్షరాల్లోను నమోదు చేసుకొంటాడు. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ మాతృభాషలుగా గల ఉద్యోగులు పక్కపక్క స్టేషన్లలో పనిచేసే గుంతకల్లు వంటి ప్రాంతంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. ‘సరే, పంపు’ అన్న మాటను తరువాత ఎవరూ అనలేదని బుకాయించవచ్చు. చెప్పిన సంఖ్యను బుకాయించలేరు.

దొరలకు దారిచ్చిన ఉద్యోగి

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో మెయిల్ బండ్ల ఇంజన్లు నడిపేవారిలో ఎక్కువమంది ఐరోపీయులు, యూరేషియన్లు. వారి జీతాలు, నివాసాలు వేరు. దారిలోని చిన్న స్టేషన్ల మాస్టర్లలో ఎక్కువమంది భారతీయులు. వలసపాలనలో తెల్లవాడి దారికి నల్లవాడు అడ్డు నిలిచే సందర్భాలు అరుదు. లైన్ క్లియర్ అటువంటి అరుదైన సందర్భం. మిడతకూతలు తప్ప ఏ శబ్దమూ లేని రాత్రిలో, రెండు గదుల స్టేషన్‌లో కూర్చున్న తెలుగు మాస్టర్ ‘లేదు’ అంటే బొంబాయి మెయిల్ ఆగవలసిందే. ఇది అతడి ధైర్యం కాదు, ప్రతిఘటన అంతకన్నా కాదు. నియమం అతడికి ఇచ్చిన స్థానం. తప్పు జరిగితే శిక్ష కూడా అతడికే. అయినా ఆ స్థానాన్ని చరిత్రకారులు తేలిగ్గా తీసుకోకూడదు.

నియమం ఇచ్చిన స్థానం జాతి హోదా ముందు ఎంతదూరం నిలిచేది? 1893 అక్టోబరులో గుంతకల్లు వద్ద జరిగిన హంపన్న ఉదంతం ఇక్కడ గుర్తుకు వస్తుంది. రైల్వే గేటుకీపరు అయిన హంపన్న, ఆంగ్ల సైనికులు వెంటబడిన ఇద్దరు స్త్రీలకు తన గేటుగదిలో ఆశ్రయమిచ్చి, సైనికుడి తుపాకిగుండుకు బలయ్యాడు. గుత్తి కేశవపిళ్ళె ఈ ఉదంతాన్ని వెలుగులోకి తెచ్చాడు. మద్రాసు హైకోర్టులో నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. జాతీయోద్యమ చరిత్రలో హంపన్నను ధీరుడిగా స్మరిస్తారు, అది సముచితం. దారి మూయడం, తెరవడం వృత్తిగా ఉన్న మనిషి అతడు అన్న సంగతి కూడా నమోదు కావాలి. రైలు విషయంలో అతడు మూసిన గేటును గౌరవించిన రాజ్యం, మనుషుల విషయంలో అతడు మూసిన తలుపును గౌరవించలేదు.

అనుమతికి మరో పరిమితి ఉంది. లైన్ క్లియర్ అంటే దారిలో మరో రైలు లేదని భరోసా; దారి చెక్కుచెదరకుండా ఉందని కాదు. 1902 సెప్టెంబరులో మద్రాసు–బొంబాయి మార్గంపై, నేటి కడప జిల్లాలోని మంగపట్నం వద్ద, వరదకు వంతెన కొట్టుకుపోయి మెయిల్ బండి పడిపోయింది. డెబ్బై మంది దాకా మరణించారు. ఏటా చుక్కనీటికి ఎదురుచూసే సీమలో ఒక్కరాత్రి వాన చేసిన విధ్వంసమది. రెండు స్టేషన్ల మాస్టర్లు ఎంత శ్రద్ధగా అడిగి, ఎంత శ్రద్ధగా ఒప్పుకొన్నా వారి మాటకు అందనిది ఆ మధ్యదూరం. వర్షాకాలంలో రాత్రంతా దీపం పట్టుకొని పట్టాల వెంట నడిచే పహరా మనుషుల వ్యవస్థ ఆ లోటును పూడ్చేందుకే.

ఆజ్ఞ, అంగీకారం: నమూనా చెప్పే సాక్ష్యం

ఇదే సమస్యను అమెరికా మరోలా పరిష్కరించింది. 1851లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ రైల్వేలో సూపరింటెండెంట్ చార్లెస్ మైనట్, ఎదురురైలు ఆలస్యమవుతున్నదని తెలిసి, టర్నర్స్ అనే స్టేషన్ నుంచి తంతి పంపి దాన్ని ఆపించి, తన రైలును ముందుకు పొమ్మని లిఖితపూర్వకంగా ఆజ్ఞాపించాడు. డ్రైవరు ఆ కాగితాన్ని నమ్మక నిరాకరించాడు. మైనట్ తానే ఇంజను నడిపాడు. డ్రైవరు చివరి పెట్టెలో కూర్చొన్నాడట, ఎదురుగా ఢీకొంటే కాస్త దూరంగా ఉండవచ్చని! ఈ సంఘటన నుంచి పెరిగిన పద్ధతిలో వందల మైళ్ళ దూరంలో కూర్చున్న డిస్పాచర్ ఒక్కడే ఏ రైలు ఎక్కడిదాకా పోవాలో ఆజ్ఞాపిస్తాడు. స్టేషన్‌లోని ఆపరేటరు ఆ ఆజ్ఞను రాసి అందించే చేయి మాత్రమే. ఇరవయ్యో శతాబ్ది చివర రేడియో ద్వారా నేరుగా రైలు సిబ్బందికి ‘ట్రాక్ వారంట్’ చదివి వినిపించే పద్ధతి వచ్చాక ఆ చేయి కూడా అవసరం లేకపోయింది.

ఈ తేడా నమూనా రైల్వేల్లో మరింత స్పష్టం. అమెరికాలో బొమ్మరైళ్ళు నడపడం పెద్దల అభిరుచిగా 1930ల నుంచి వ్యవస్థీకృతమైంది. 1934లో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రిక, 1935లో జాతీయ సంఘం ఏర్పడ్డాయి. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఫ్రాంక్ ఎలిసన్ ఈ అభిరుచిని నాటకంతో పోల్చాడు: పట్టాలు రంగస్థలం, రైళ్ళు పాత్రలు, కాలపట్టిక కథ. ఆ నాటకంలో డిస్పాచర్ వేరే గదిలో, రైళ్ళు కంటికి కనబడకుండా కూర్చొని, ఫోనుపై ఆజ్ఞలిస్తాడు. గడియారం వేగంగా తిరుగుతుంది, ఒక సాయంత్రంలో ఒక రోజంతా గడిచేలా. ఆటే అయినా అది అమెరికా అధికారనిర్మాణానికి నిజమైన ప్రతిబింబం: ఒక మెదడు, అనేక చేతులు.

బ్రిటన్, భారతదేశాల్లో నమూనా రైల్వే బతికింది ప్రధానంగా పాఠశాలలో. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే 1912లో సిగ్నలర్లకు బోధించడానికి తయారుచేసిన నమూనా ఇప్పటికీ యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. తెలుగునేలపై మౌలాలిలోని జోనల్ శిక్షణ సంస్థలోను, 1957లో సికింద్రాబాదులో నెలకొన్న సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణ సంస్థలోను నమూనాలే పాఠ్యసాధనాలు. అటువంటి గదిలో బల్లపై చిన్న రైలు ఉంటుంది. దాని రెండు చివరలా రెండు బ్లాక్ యంత్రాలు, వాటి దగ్గర ఇద్దరు విద్యార్థులు. గంటలు కొట్టుకోవాలి, సంఖ్యలు ఇచ్చిపుచ్చుకోవాలి, రిజిస్టరు రాయాలి. ఒక విద్యార్థి ఎంత చురుకైనవాడైనా అవతలివాడు కదలకపోతే బొమ్మరైలు కదలదు. ఒక నాగరికత తన అధికారాన్ని ఎలా ఊహించుకొంటుందో దాని ఆటబొమ్మలు చెబుతాయనడం అతిశయోక్తి కావచ్చు. కాని ఈ రెండు బల్లలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట అనకుండా ఉండడం కష్టం.

మరి మన కంట్రోలరు? ఆక్షేపణ సమంజసమే. 1956లో ఏర్పడిన గుంతకల్లు డివిజన్ తొలుత దక్షిణ రైల్వేలోను, 1977 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వేలోను ఉండగా, దాని కంట్రోలు కార్యాలయంలో సెక్షన్ కంట్రోలరు తన ముందున్న గీతాపటంపై కాలాన్ని, దూరాన్ని రేఖలుగా గీస్తూ ఏ రైలు ఎక్కడ ఆగాలో, ఏది ముందు పోవాలో నిర్ణయించేవాడు. ఏటవాలుగా సాగే రెండు రేఖలు ఖండించుకొనే బిందువే మనం ‘క్రాసింగ్ కోసం ఆపేశాడు’ అని విసుక్కొనే చిన్న స్టేషన్. ఇప్పుడు పెన్సిలు స్థానంలో కంప్యూటరు వచ్చింది. కంట్రోలరు మాట స్టేషన్ మాస్టర్ పాటించవలసినదే. అయినా కంట్రోలరు ఇచ్చేది ప్రణాళిక, అనుమతి కాదు. ఆయన ‘పంపు’ అన్నంత మాత్రాన అవతలి స్టేషన్ ఒప్పుకోనిదే రైలు కదలదు. అధికారశ్రేణి నిలువుగా సాగుతుంది, సమ్మతి అడ్డంగా సాగుతుంది. రెండూ కలిసిన చోటే రైలు బయలుదేరుతుంది.

పెనుకొండ, ఆ తరువాత

2012 మే 22 తెల్లవారుజామున హుబ్లీ నుంచి బెంగళూరు పోతున్న హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్‌లో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. ఇరవైమందికి పైగా ప్రయాణికులు మరణించారు. రైలు ఎర్ర సంకేతాన్ని దాటి వచ్చిందని అప్పట్లో రైల్వే వర్గాలు వెల్లడించాయి. నిద్రలోనే పోయినవారి కుటుంబాలకు వ్యవస్థల చర్చతో ఒరిగేదేమీ లేదు. చరిత్ర విద్యార్థికి మాత్రం ఇందులో ఒక గీత కనబడుతుంది. ఇనుపగుండు డ్రైవరు చేతికి తగిలే అనుమతి. అది చేతిలో లేకపోతే లేనట్టు తెలిసిపోతుంది. రంగుదీపం కంటితో చదవవలసిన అనుమతి. వేగం కోసం, రద్దీ కోసం మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని ఎంచుకోవడం తప్పనిసరి అయింది. చేతినుంచి కంటికి మారిన భారం రాత్రి మూడు గంటలవేళ ఒక మనిషి మెలకువపై పడింది.

ఆ ఖాళీని పూరించే ‘కవచ్’ పరిశోధన తెలుగునేలపైనే రూపుదిద్దుకొంది. వికారాబాదు పరిసరాల మార్గాల్లో దాన్ని పరీక్షించారు. 2022 మార్చి 4న గుల్లగూడ–చిటిగిడ్డ స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే పట్టాలపై ఎదురెదురుగా నడిపి, అవి వాటంతటవే ఆగడాన్ని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ సమక్షంలో ప్రదర్శించారు. ఇందులో ఎంత దూరం పోవచ్చన్నది ఇంజనులోని తెరపై రేడియో ద్వారా ప్రత్యక్షమవుతుంది. సంకేతాన్ని మీరితే బ్రేకు తనంతట తాను పడుతుంది. మరోవైపు, సెక్షన్ ఖాళీ అయిందా అన్న ప్రశ్నకు ఆక్సిల్ కౌంటరు జవాబు చెబుతోంది: లోపలికి పోయిన ఇరుసులు ఎన్ని, బయటికి వచ్చినవి ఎన్ని? ‘ఎల్.వి.’ పలకను చూసే కన్ను చేసిన పనే ఇది. డ్రైవరు వైపు చూస్తే అనుమతి పాలనకు యంత్రం కాపలా వచ్చింది. మాస్టర్ల వైపు చూస్తే సమ్మతి లెక్కగా మారుతోంది. మొదటిది ప్రాణాలు కాపాడుతుంది కనుక స్వాగతించాలి. రెండోది కూడా అంతే సురక్షితం కావచ్చు. అయితే ఒకరి మాటపై మరొకరు చీకట్లోకి రైలు పంపిన నూరేళ్ళకు పైబడిన వ్యవహారం దానితో ముగుస్తున్నదన్న ఎరుక ఉండాలి. పూర్తిగా ముగియలేదు: యంత్రాలు మొరాయించిన రోజున నియమపుస్తకం ఇప్పటికీ ప్రైవేట్ నంబరునే, కాగితాన్నే అడుగుతుంది.

ఈ వ్యవహారానికి ఆధారాలు స్టేషన్లలోని ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్లు. అడిగిన సమయం, ఒప్పుకొన్న సమయం, చేరిన సమయం నిమిషాలతో సహా వాటిలో ఉంటాయి. నిర్ణీతకాలం గడిచాక వాటిని తొలగిస్తారు. ప్రమాద విచారణకు చేరినవి తప్ప మిగలవు. కనుక మిగిలింది మనుషులే. గుంతకల్లు–బెంగళూరు మార్గం 1980ల్లో బ్రాడ్‌గేజిగా మారింది. ఇటీవల రెండో లైనూ పడింది. ధర్మవరం–పాకాల మార్గంలో మీటరుగేజి 2010 ప్రాంతం దాకా నిలిచింది. ఇప్పటికీ అది సింగిల్ లైనే. ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు వంటి స్టేషన్లలో ఆ కాలంలో పనిచేసి విశ్రాంతి పొందిన మాస్టర్లు, పాయింట్స్‌మెన్, డ్రైవర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. విశ్వవిద్యాలయాల చరిత్రశాఖలు వారి మౌఖికచరిత్రను సేకరించదలిస్తే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. నా మటుకు మొదట అడగదలచినది ఇది: కంట్రోలరు పంపమని ఒత్తిడి చేస్తున్నా, అవతలి గంట మోగని రాత్రి మీరేం చేశారు?